ఇంట్లో ఒక్క క్షణం నిలవని పిల్లాడు, ఫోటోలన్నీ అలుక్కుపోతున్నాయి. ఎలా తీయాలి?

ప్రశ్న: ఇద్దరు పిల్లల నాన్న

అందరికీ నమస్కారం. మాకు ఇద్దరు పిల్లలు. పాపకి ఆరేళ్ళు, బాబుకి రెండున్నర. పాప నిదానం, కూర్చున్న చోటే అరగంట బొమ్మలు గీసుకుంటుంది. బాబు పాదరసం. సోఫా ఎక్కడం, దూకడం, మళ్ళీ ఎక్కడం. నిద్రలో కూడా మంచం ఈ చివర పడుకోబెడితే ఆ చివర తేలతాడు.

పాప పుట్టినప్పుడు కొన్న మిర్రర్‌లెస్ కెమెరా ఉంది. మధ్యరకం సైజు ఏపీఎస్‌సీ సెన్సర్, దాంతో పాటు వచ్చిన 18-55 ఎంఎం జూమ్ లెన్సు. ఆరుబయట బాగానే వస్తాయి. ఇంట్లో తీస్తే మాత్రం అన్నీ అలుక్కుపోతున్నాయి. మొన్న ఆదివారం పొద్దున గంటసేపు వాడి వెనకాలే తిరిగి 212 ఫోటోలు తీశాను. రాత్రి పిల్లలు పడుకున్నాక కంప్యూటర్లో వేసి చూస్తే స్పష్టంగా ఉన్నవి రెండే. ఆ రెండింట్లోనూ వాడు టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. ఒక ఫోటోలో సోఫా మీంచి దూకుతున్నాడు. నోరంతా తెరిచి, రెండు చేతులూ పైకెత్తి, ఎంత ఆనందంగా ఉన్నాడో! కానీ కళ్ళున్న చోట రెండు గీతలు, చేతులున్న చోట పొగ. వెనక గోడ మీది క్యాలెండర్లో తేదీలు మాత్రం చక్కగా చదవొచ్చు. అన్నీ ఆటో మోడ్‌లో తీసినవే. ఆ ఫోటో వివరాల్లో షట్టర్ తెరిచి ఉన్న సమయం 1/40 సెకను, లెన్సు తెరుచుకున్న మేర ఎఫ్/5 (ఈ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెలుగు), వెలుగుని పెంచి చూపే ఐఎస్‌ఓ 1600 అని ఉంది. ఫ్లాష్ వేస్తే కళ్ళు ఎర్రగా, వెనక గోడ మీద నల్లటి నీడ.

ఇంకో బాధ కూడా ఉంది. "ఇటు చూడు నాన్నా" అంటే చాలు, కళ్ళు గట్టిగా మూసి పళ్ళన్నీ బయటపెట్టి నిలబడతాడు. లేకపోతే పారిపోతాడు. నిన్న మా ఆవిడ ఒక మాట అంది: "నువ్వు కెమెరా తీయగానే వాడు ఆడుకోవడం ఆపేస్తున్నాడు, గమనించావా?" ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. రెండున్నరేళ్ళప్పుడు వాడు ఎలా దూకేవాడో, ఎలా నవ్వేవాడో తర్వాత చూసుకోవడానికి నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు. ఈ వయసు మళ్ళీ రాదు కదా అని బెంగగా ఉంది.

కొత్త లెన్సు కొనాలా, సెట్టింగులు మార్చాలా, అసలు నేను తీసే పద్ధతే తప్పా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు: కిటికీ పక్క కుర్చీ

మీ కెమెరాలో లోపం లేదండి, మీ చేతిలోనూ లేదు. నా పిల్లలకి ఇప్పుడు 14, 11. చిన్నవాడు మీ బాబు లాంటివాడే. నేను కూడా రెండేళ్ళపాటు ఇలాంటి పొగ ఫోటోలే తీశాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఆ 1/40 సంగతి. పిల్లాడు హాల్లో అడ్డంగా పరిగెడితే సెకనుకి రెండు మీటర్లు పోతాడనుకోండి. 1/40 సెకనులో 5 సెంటీమీటర్లు. అంటే షట్టర్ తెరుచుకుని మూసుకునేలోపు వాడి కన్ను చెవి ఉన్న చోటికి వచ్చేసింది. అందుకే గోడ మీద తేదీలు కనిపిస్తున్నాయి, వాడి కళ్ళు కనిపించడం లేదు. లెన్సులో ఉండే స్టెబిలైజేషన్ మీ చెయ్యి వణుకుని ఆపుతుంది, పిల్లాడిని ఆపదు. అదే 1/500 అయితే వాడు జరిగేది 4 మిల్లీమీటర్లే. కన్ను కన్నులాగే ఉంటుంది.

కాబట్టి ఆటో వదిలేయండి. మాన్యువల్ మోడ్ పెట్టి షట్టర్ 1/500, లెన్సు ఎంత తెరుచుకుంటే అంత, ఐఎస్‌ఓ ఆటో. ఈ మూడూ ఒకసారి పెట్టుకుంటే ఇక బటన్ల జోలికి పోనక్కర్లేదు. ఇంకో మాట, మీ లెన్సు 18 దగ్గర ఎఫ్/3.5 దాకా తెరుచుకుంటుంది, 55కి జూమ్ చేస్తే ఎఫ్/5.6కి ముడుచుకుపోతుంది. ఇంట్లో జూమ్ ముట్టుకోకండి. 18-24 మధ్య ఉంచి మీరే దగ్గరికి వెళ్ళండి.

కానీ 1/500కి వెళ్ళగానే ఇంకో చిక్కు వస్తుంది. మీ అంకెలతోనే లెక్క వేద్దాం. 1/40 నుంచి 1/500కి మారితే లోపలికొచ్చే వెలుగు పన్నెండో వంతుకి పడిపోతుంది. ఎఫ్/5 నుంచి 3.5కి తెరిస్తే అందులో రెట్టింపు తిరిగొస్తుంది. ఇంకా ఆరు రెట్లు లోటు. అదంతా ఐఎస్‌ఓ మీద వేస్తే 1600 కాస్తా పదివేలు అవుతుంది. ఫోటో గరుకుగా వస్తుంది. గరుకు ఉన్నా ఫర్వాలేదు, చిన్న ప్రింటులో పెద్దగా కనపడదు. అలుక్కుపోయిన ముఖాన్ని మాత్రం ఎవరూ బాగుచేయలేరు. అయినా, ఆ ఆరు రెట్ల వెలుగు మీ ఇంట్లోనే ఉంది. కిటికీ దగ్గర ఉంది.

నాకు ఇది తెలియడానికి చాలా కాలం పట్టింది. మా బొమ్మల బుట్ట హాల్లో లోపలి మూలన, బీరువా పక్కన ఉండేది. వాడు ఆడేదంతా అక్కడే, నేను తీసేదంతా ఆ చీకట్లోనే. ఒకరోజు గది ఊడుస్తూ బుట్టని జరిపి కిటికీ కింద పెట్టాను, మళ్ళీ వెనక్కి పెట్టడం మర్చిపోయాను. మర్నాడు పొద్దున వాడు అక్కడే చతికిలబడి బండ్లు వరసగా పేరుస్తున్నాడు. పక్కనుంచి వెలుగు పడుతోంది. బుగ్గ మీది సన్నటి నూగు, కనురెప్పల నీడ, మోకాలి మీద ఎండిన దెబ్బ, అన్నీ కనిపిస్తున్నాయి. అంతకుముందు నాలుగడుగులు లోపల 6400 అడిగిన కెమెరా అక్కడ 1250తో సరిపెట్టుకుంది. ఆ రోజు నుంచి నేను వాడి వెంట పడటం మానేశాను. సోఫా కూడా కిటికీ వైపు జరిపేశాను, దూకేది ఎలాగూ దాని మీంచే కదా అని. పగలు తీసేటప్పుడు గదిలో లైట్లు ఆర్పేయండి. కిటికీ వెలుగు నీలంగా, బల్బు వెలుగు పసుపుగా కలిసి ముఖం సగం ఒక రంగు సగం ఒక రంగు వస్తుంది.

ఫోకస్ కంటిన్యువస్‌లో పెట్టండి, అంటే వాడు కదిలేకొద్దీ ఫోకస్ కూడా వెంట పోతూనే ఉంటుంది. కొన్ని కెమెరాల్లో ఏఎఫ్-సీ అని, కొన్నింట్లో ఏఐ సర్వో అని ఉంటుంది. కంటిని గుర్తుపట్టే సౌకర్యం ఉంటే అది కూడా. దూకేటప్పుడు ఇంకో కిటుకు: పైకి లేచే వేగం తగ్గి, కింద పడటం మొదలయ్యేలోపు ఒక్క లిప్తపాటు పిల్లాడు గాల్లో ఆగినట్టు ఉంటాడు. ఉయ్యాల ఆ కొసకి వెళ్ళినప్పుడూ అంతే. అప్పుడు నొక్కితే 1/250 కూడా చాలు. పది దూకుళ్ళు చూస్తే మీ వేలికి ఆ లయ తెలిసిపోతుంది.

ఇక "ఇటు చూడు" సంగతి. దయచేసి ఆ మాట మానేయండి. మీ ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కెమెరా కనపడగానే పని చెప్తారని వాడికి అర్థమైపోయింది. ఒక వారం పాటు కెమెరాని బల్ల మీద బయటే ఉంచండి. మీరూ నేల మీద వాడి పక్కన కూర్చోండి. తీసినా తీయకపోయినా చేతిలో ఉండనివ్వండి. మూడో రోజుకి వాడికి అది మీ కళ్ళజోడు లాంటిదైపోతుంది.

నా దగ్గరున్న ఫోటోల్లో నాకు ప్రాణమైనది ఒకటి చెప్తాను. గుమ్మం దగ్గర కూర్చుని చెప్పులు వేసుకుంటున్నాడు. ఎడమది కుడి కాలికి. నాలుక బయటపెట్టి, పెదవి పక్కకి లాగి, లోకంలో అంతకంటే ముఖ్యమైన పని లేనట్టు పట్టీ లాగుతున్నాడు. మేమంతా ఆలస్యమైపోతోందని తొందరపడుతున్నాం. వాడు నావైపు చూడలేదు. నేను పిలవలేదు. పిలిచి ఉంటే ఆ నాలుక లోపలికి పోయేది.

జవాబు: ఫోన్ మాత్రమే ఉన్న అమ్మ

పైన అక్క చెప్పినవన్నీ ఫోన్‌కీ పనికొస్తాయి. ముఖ్యంగా కిటికీ. నా దగ్గర కెమెరా లేదు. ఇద్దరు ఆడపిల్లలు, నాలుగేళ్ళ కవలలు.

రాత్రిపూట నైట్ మోడ్ ఆపేయండి. అది షట్టర్ ఎక్కువసేపు తెరిచి, చాలా ఫ్రేములు కలిపి ఒక ఫోటో చేస్తుంది. కదలని గదికి అది బాగుంటుంది. పిల్లలకి మాత్రం నాలుగు చేతులు వస్తాయి. ఐఫోన్‌లో లైవ్ ఫోటో ఆన్ చేసి ఉంచితే నొక్కడానికి ముందు 1.5 సెకన్లు, తర్వాత 1.5 సెకన్లు కూడా దాచుకుంటుంది, లోపలికెళ్ళి మంచి క్షణం ఎంచుకోవచ్చు. నేను ఎప్పుడూ ఒక్క అర సెకను ఆలస్యంగా నొక్కుతాను, అందుకని నాకు ఇది చాలా ఉపయోగపడింది.

లెన్సు తుడవండి! మా ఫోన్ మీద ఎప్పుడూ చిన్న వేలిముద్రలే. నెల రోజుల ఫోటోలు మంచు పట్టినట్టు వచ్చాయి, కారణం అదే. ఇంకొకటి, ఫోన్ తలకిందులుగా పట్టుకుంటే లెన్సు నేలకి ఆనుతుంది. పాకే పిల్లలని, మంచం కింద దూరిన పిల్లలని అలా తీస్తే వాళ్ళ లోకం వాళ్ళ ఎత్తు నుంచే కనిపిస్తుంది.

అడగని విషయం ఒకటి చెప్తాను, ఏమీ అనుకోకండి. మీ ఆవిడ ఎన్ని ఫోటోల్లో ఉన్నారు? 19వ శతాబ్దంలో ఫోటోకి సెకన్ల తరబడి కదలకుండా ఉండాల్సి వచ్చేది. పసిపిల్లలు ఉండరు కాబట్టి తల్లి మీద గుడ్డ కప్పి, ఆమె ఒళ్ళో పిల్లని కూర్చోబెట్టి తీసేవాళ్ళు. ఫోటోలో చూస్తే కుర్చీకి దుప్పటి కప్పినట్టు ఉంటుంది, పిల్లని పట్టుకున్న చెయ్యి మాత్రం ఒక్కోసారి బయటికి కనిపిస్తుంది. ఆ ఫోటోలు చూసిన రోజు నా ఫోన్ తీసి వెతికాను. కవలలవి వేలల్లో ఉన్నాయి, వాళ్ళతో నేనున్నవి పదకొండు. మీ ఇంట్లో కెమెరా మీ చేతిలో ఉంది కాబట్టి ఆవిడ జుట్టు చెదిరి, బాబు ముక్కు తుడుస్తున్నప్పుడు కూడా తీయండి. "అయ్యో ఇలా ఉన్నప్పుడా" అంటారు. అయినా తీయండి.

జవాబు: ఎఫ్ రెండు పాయింట్ ఎనిమిది

లెన్సు కొనాలా అని అడిగారు, దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. కొనండి. కిటికీ గొప్పదే, కానీ మీరు ఉద్యోగం నుంచి వచ్చేసరికి సూర్యుడు ఉండడు కదా. ఏపీఎస్‌సీకి 35 ఎంఎం ఎఫ్/1.8 చాలు. మీరు ఫోటో తీసిన అదే సోఫా దగ్గర, అదే 1/500కి, పదివేలు అడిగిన ఐఎస్‌ఓ సుమారు 2500 దగ్గర ఆగుతుంది. సెకండ్ హ్యాండ్‌దైనా చాలు.

ఒక్క జాగ్రత్త. పూర్తిగా తెరిచి మీటరు దూరం నుంచి తీస్తే స్పష్టంగా ఉండే లోతు ఆరు సెంటీమీటర్లే. ముందు కన్ను బాగుంటుంది, వెనక చెవి కరిగిపోతుంది. కుదురుగా ఉన్న పిల్లకి అది అందం. మీ బాబు లాంటివాడు ఒక్క అడుగు ముందుకేస్తే మొత్తం పోతుంది. వెలుగు ఉన్నంతవరకు 2.8 దగ్గర పెట్టుకోండి, అందుకే నా పేరు అది.

212 ఫోటోల విషయంలో కూడా నాకో మాట ఉంది. బటన్ పట్టుకుని వదలకుండా కాల్చినట్టు తీయకండి. మూడు నాలుగు ఫ్రేములు, అంతే. ఆపై అదే రాత్రి కూర్చుని అయిదు ఉంచి మిగతావి తీసేయండి. మా ఇంట్లో నలభై వేలు పోగుపడ్డాయి, ఎవరూ తెరిచి చూడరు. నెలకి పది ప్రింట్లు వేయించి పిల్లలకి అందేంత ఎత్తులో గోడకి అంటిస్తున్నాను. వాళ్ళు రోజూ వాటి ముందు నిలబడి కబుర్లు చెప్పుకుంటారు.

జవాబు: పెద్దమ్మాయి తల్లి

మీ పాప గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆరేళ్ళంటే ఆమెని అడిగి తీయాల్సిన వయసు. మా అమ్మాయి ఏడో ఏట ఒకరోజు ఏడుస్తున్న ఫోటో నేను బంధువుల గ్రూపులో పెట్టాను. అందరూ నవ్వే ఎమోజీలు పెట్టారు. అది చూసి ఆమె ఏమీ అనలేదు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత "నన్ను అడగలేదేం?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె ఎదురుగానే దాన్ని తీసేశాను. అప్పటినుంచి వద్దంటే వద్దు. స్నానాలు, ఏడుపులు మా ఆల్బమ్ దాటి బయటికి పోవు. బయటికి పంపేవాటికి లొకేషన్ వివరం తీసేసి పంపుతాను.

అడగడం మొదలుపెట్టాక ఆమె తనే కెమెరా అడిగింది. మీరు కూడా ఇచ్చి చూడండి. ఫ్రాన్స్‌లో జాక్ ఆన్రీ లార్తీగ్ అనే ఆయన 1894లో పుట్టాడు. పదేళ్ళు నిండకముందే నాన్న కెమెరా ఇచ్చాడు. ఆ అబ్బాయి తీసిందేమిటంటే ఇంట్లోవాళ్ళనే. మెట్ల మీంచి దూకే చుట్టాల పిల్ల, అన్న సొంతంగా చేసిన చక్రాల బండ్లు, వాటిలోంచి పడిపోవడాలు. అవన్నీ ఆల్బముల్లోనే ఉండిపోయాయి. 1963లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో వాటిని ప్రదర్శించేసరికి ఆయనకి దాదాపు 70 ఏళ్ళు. ఆ ఫోటోల్లో ఎవరూ పెద్దవాళ్ళ కోసం నిలబడినట్టు ఉండదు. తీసినవాడు కూడా ఆటలో ఉన్నవాడే కదా.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరు పిల్లల నాన్న

అందరికీ చాలా చాలా థాంక్స్. పది రోజులు ఆగి రాస్తున్నాను, చేసి చూశాకే రాయాలని.

సోఫా జరిపాం. కెమెరా బల్ల మీదే ఉంటోంది. మొదటి రెండు రోజులు వాడు లెన్సు మూత తీసి దాచేశాడు, తర్వాత పట్టించుకోవడం మానేశాడు. 1/500 పెట్టగానే తేడా తెలిసింది. కళ్ళు కళ్ళలా ఉన్నాయి! లెన్సు ఇంకా కొనలేదు, వచ్చే నెల చూస్తాను. ఒక్క సందేహం: రాత్రి ఎల్‌ఈడీ లైట్ల కింద తీస్తే ఫోటోకి అడ్డంగా నల్లటి చారలు వస్తున్నాయి. కెమెరా పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: కిటికీ పక్క కుర్చీ

పాడవలేదు, కంగారుపడకండి. చప్పుడు రాకుండా సైలెంట్ షట్టర్ పెట్టి ఉంటారు. 50 హెర్ట్జ్ కరెంటు మీద కొన్ని బల్బులు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, మన కంటికి తెలియదు. ఎలక్ట్రానిక్ షట్టర్ ఫోటోని వరసలు వరసలుగా చదువుతుంది కాబట్టి కొన్ని వరసలు వెలుగులో, కొన్ని చీకట్లో పడతాయి. మామూలు మెకానికల్ షట్టర్‌కి మారండి, మెనూలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. అప్పటికీ వస్తుంటే రాత్రిపూట 1/100కి దిగి, కథ వింటున్నప్పుడో నిద్రకి జోగుతున్నప్పుడో తీయండి. అవి కూడా కావాలి కదా.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరు పిల్లల నాన్న

నిజమే, సైలెంట్‌లోనే ఉంది. మార్చాక చారలు పోయాయి.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. పెద్దమ్మాయి తల్లి గారూ, మీరు చెప్పినట్టు ఆదివారం పాపకి కెమెరా ఇచ్చాను. పట్టీ పొడవెక్కువై మోకాళ్ళకి తగులుతుంటే రెండు ముళ్ళు వేసి మెడలో వేశాను. అరగంటలో నలభై ఫోటోలు తీసింది. చాలావాటిలో నేల, టేబుల్ కాళ్ళు. ఒకదాంట్లో మాత్రం బాబు సోఫా అంచు మీద నిలబడి ఉన్నాడు, ఇంకా దూకలేదు. కాలి వేళ్ళు అంచుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. పై పెదవి మీద చెమట. వెనక వాళ్ళమ్మ రెండు చేతులూ చాపి కూర్చుంది, పట్టుకోవడానికి. నేను ఎప్పుడూ పైనుంచి తీసేవాణ్ణి కాబట్టి వాడికి ఆ సోఫా అంత ఎత్తుగా కనిపిస్తుందని నాకు తెలియనే తెలియదు.

పాపని అడిగాను, ఇక్కడ పెట్టనా అని. వద్దంది. గోడ మీద అంటించాం, తన ఎత్తులో.